ఈరవ్వ గాంధారం

బోధన్‌లో దసరా మండపం ముందు ఈరవ్వ పాటను సగంలో ఆపించింది ఆత్మారాం. ఆర్కెస్ట్రా అతనిది, మైకులు అతనివి, ఏ పాట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో చెప్పేదీ అతనే. ఆ పాటకు కీబోర్డు వాయిస్తున్నది మాత్రం శ్రీవాణి.

ఈరవ్వకు అరవై దాటాయి. ఎడపల్లి అవతల ఒక పల్లెలో ఉంటుంది. వరినాట్లకు, చెరుకు కోతలకు కూలికి పోతుంది. పాట ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మడిలో వంగి నాటేటప్పుడు ముందు వరసలోని ఆడవాళ్లు పాడితే వెనక వరసలోంచి అందుకునేది. ఇప్పుడు ముందు వరస ఆమెదే. మండపం కమిటీవాళ్లు ఆమె పేరు విని, ఒక్క పాట పాడించమని ఆత్మారాంను అడిగారు.

మడిల నీళ్లు నిండె, మోకాళ్లు మునిగె,
ఒడ్డు మీదాయన ఒక్కనాడు దిగడే ఓ వదినా...

'దిగడే' అన్నచోట ఆమె గొంతు ఒక స్వరం మీద నిలబడింది. శ్రీవాణి వేలు ఆ స్వరం కోసం వెళ్లింది. ఒక మెట్టు నొక్కితే తక్కువైంది. పక్క మెట్టు నొక్కితే ఎక్కువైంది. పెద్ద స్పీకర్లలోంచి గొంతూ కీబోర్డూ ఒకదాన్నొకటి గీరుకున్న చప్పుడు వచ్చింది. ముందు కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అవ్వా, నువ్వు శ్రుతిల లేవు," అన్నాడు ఆత్మారాం మైకులోనే. "సాలు తియ్. అవ్వకు సప్పట్లు కొట్టుండ్రి!"

ఈరవ్వ మైకు వదిలి స్టేజీ మెట్ల వైపు నడిచింది. కీబోర్డు పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది.

"నేను ఉన్నకాడ్నే ఉన్న బిడ్డ," అంది. "నీ పెట్టెనే ఎటో పోతున్నది."

శ్రీవాణికి నలభై ఏడేళ్లు. తొమ్మిదో ఏట తండ్రి భజన మండలిలో హార్మోనియం పట్టింది. తరవాత మాండొలిన్, గిటార్, చివరికి కీబోర్డు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే బతుకుతెరువు. నిజామాబాద్, కామారెడ్డి, అటు నాందేడ్ దాకా ఆమె వాయించని ఫంక్షన్ హాలు లేదు. పాట ఒకసారి వింటే రెండోసారికి ఆమె వేళ్లలో ఉంటుంది. పాడేవాళ్లు దారి తప్పితే తల ఎత్తకుండానే మెట్టు కాస్త గట్టిగా నొక్కి దారికి తెచ్చేది. అలాంటి మనిషికి ఒక కూలిమనిషి నీ పెట్టె తప్పని చెప్పి పోయింది. కోపం రావాలి. కోపానికి బదులు అనుమానం వచ్చింది.

మరునాడు పొద్దున్నే, ఫోనులో ఎవరో తీసిన ఆ పాటను పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. ఆపేలోగా ఈరవ్వ ఆ చరణాన్ని మూడుసార్లు పాడింది. మూడుసార్లూ గొంతు సరిగ్గా ఒకే చోట నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. శ్రుతి తప్పే మనిషి తప్పిన ప్రతిసారీ ఒకే చోటికి రాదు. ఆ సంగతి శ్రీవాణికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. హార్మోనియం తీసి వెతికింది. ఈరవ్వ స్వరం రెండు గాంధారాల, అంటే రెండు 'గ'ల, నడుమ ఉంది. చిన్నదానికి కొంచెం పైన, పెద్దదానికి కొంచెం కింద. పెట్టె చేసినవాడు అక్కడ మెట్టు పెట్టలేదు, అంతే.

"తప్పు నాదే," అంది భర్తతో.

భూమేష్ నిజామాబాద్ గంజ్ మార్కెట్‌లో పసుపు తూకం దగ్గర పనిచేస్తాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగాడు. "ఏం తప్పు?"

"అవ్వ సరిగ్గనే పాడింది. నేను తప్పు వాయించిన. ఆమె ఇజ్జత్ తీసి పంపిండ్రు."

"అయితే ఈసారి సరిగ్గ వాయించు."

"వాయించనీకి నా తాన సామాన్ లేదు."

ఆ మాట నిజం. కీబోర్డుకు పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే స్వరం వంగుతుంది. కాని నొక్కిపెట్టిన స్వరాలన్నీ కలిసి ఒక్కసారే వంగుతాయి. ఆమెకు కావలసింది వేరు. కింద షడ్జమం, పైన పంచమం కదలకుండా నిలబడాలి, నడుమ గాంధారం ఒక్కటే ఈరవ్వ గొంతు వెంట కదలాలి. గిటార్ మీద తీగ లాగి చూసింది. తీగను పైకి లాగడం తేలిక, పైనుంచి మెల్లగా దించి ఆ చోట ఆపడానికి వేళ్లు చాల్లేదు.

పండగ సామాను సర్దడానికి ఆ వారమే శక్కర్‌నగర్‌లో ఆత్మారాం గోదాముకు వెళ్లింది. గోదాము మూలన నాలుగు కాళ్ల మీద పొడుగాటి బల్ల లాంటిది ఒకటి నాలుగేళ్లుగా పడి ఉంది. హైదరాబాద్‌లో ఏదో హోటల్ బ్యాండు మూతపడితే ఆత్మారాం వాళ్ల స్పీకర్లను గంపగుత్తగా తెచ్చాడు, వాటితో పాటు వచ్చింది. పైన పది తీగలు. కింద మూడు పెడళ్లు. కూర్చుంటే మోకాళ్లకు తగిలేలా వేలాడుతున్న నాలుగు ఇనుప రేకులు. పెడల్ స్టీల్ గిటార్ అని దాని పెట్టె మీద రాసి ఉంది. వాయించేవాళ్లు ఎవరూ దొరకలేదు. పైన దళసరి దుప్పటి పరిచి, ప్రోగ్రాం ఉన్న రోజు కోట్లు ఇస్త్రీ చేసుకునేవాళ్లు.

శ్రీవాణి దుప్పటి తీసి మూడు తీగలు మీటింది. ఎడమకాలితో పెడల్ మెల్లగా నొక్కింది. రెండు తీగలు ఉన్నచోటే ఉన్నాయి. మూడోది ఒక్కటే పైకి ఎక్కింది. కాలు సగంలో ఆపితే ఆ తీగ కూడా సగంలో, ఏ మెట్టూ లేనిచోట, ఆగింది. ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది.

"అన్నా, గిది నేను తీస్కపోత."

"ఇస్త్రీ బల్లనా? ఏం జేస్తవ్?"

"నేర్చుకుంట."

ఆత్మారాం నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు. ఆడమనిషికి ఏ ఆర్కెస్ట్రావాళ్లూ పని ఇవ్వని రోజుల్లో శ్రీవాణిని స్టేజీ ఎక్కించింది అతనే. అందుకే ఆమె మీద తనకు హక్కు ఉందనుకుంటాడు. "యాడ నేర్చుకుంటవ్ వాణమ్మా? ఈ జిల్లాల గిది వాయించెటోడు ఒక్కడన్న ఉన్నడా? గీ వయసుల ఓనమాలు దిద్దుతవా? చేతిల కీబోర్డు ఉన్నది, పేరున్నది. ఇంకేం గావాలె నీకు?"

"గాంధారం గావాలె."

అతనికి అర్థం కాలేదు. "తీస్కపో తియ్," అన్నాడు. "జాగన్న మిగుల్తది."

బల్ల మొదట లింబయ్య దగ్గరికి వెళ్లింది. బోధన్ బస్టాండు వెనక అతనికి చిన్న లేత్ షాపు ఉంది. చెరుకురసం మిషన్లు, బోరు మోటర్లు బాగుచేస్తాడు. బల్లను బోర్లా వేసి, కిందనున్న చువ్వల మధ్య టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"అక్కా, గిది గిటార్ కాదు. సైకిల్ బ్రేకులు," అన్నాడు. "పెడల్ తొక్కితే చువ్వ గుంజుతది. చువ్వ గుంజితే తీగె బిగుస్తది. అంతే కత. రెండు చువ్వలు ఇరిగినయ్, ఒకటి లేనే లేదు."

"చేస్తవా?"

"చెయ్యకుంటే నాకు నిద్ర పడ్తదా!"

పది రోజుల్లో చేశాడు. నిజామాబాద్‌లో వినాయక్ నగర్ ఇంటికి ట్రాలీ ఆటోలో తనే తెచ్చి దింపి, ఒక తీగ మీటి, పెడల్ తొక్కి, చెవి దగ్గరపెట్టి విని, తృప్తిగా తల ఊపి వెళ్లాడు. అసలు కష్టం ఆ సాయంత్రమే మొదలైంది.

ఎడమచేతిలో ఒక ఇనుప కడ్డీ పట్టుకుని తీగల మీద జరపాలి. మెట్లున్నట్టు గీతలు గీసి ఉంటాయి గాని అవి ఉత్త గీతలే, వేలిని ఆపేది ఏదీ ఉండదు. బియ్యపుగింజంత పక్కకు జరిగితే స్వరం చెడుతుంది. కుడిచేతి వేళ్లకు గోళ్లలాంటి తొడుగులు. మీటిన తీగను అరచేతి అంచుతో వెంటనే నొక్కి నోరు మూయించాలి, లేకపోతే పాత స్వరం కొత్త స్వరంలో కలిసి రొద అవుతుంది. కుడికాలి కింద శబ్దం పెంచే పెడల్, ఎడమకాలి కింద మూడు పెడళ్లు, రెండు మోకాళ్లకూ రెండేసి రేకులు. తీగల వరస కూడా తిన్నగా లేదు. అన్నిటికంటే పైస్థాయి తీగ మొదట ఉండాలి కదా, ఇక్కడ మూడోది. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటుతో చెయ్యి వెళ్లిన ప్రతిసారీ తప్పు తీగ మీదికే వెళ్లింది.

ఫోనులో పాఠాలు దొరికాయి. తెల్లజుట్టు మనుషులు గబగబా ఇంగ్లీషులో చెప్పేవాళ్లు. సగం అర్థమయ్యేది, మిగతా సగం కోసం వాళ్ల కాళ్లు చూసేది. ఆ కాళ్లు కెమెరాలో కనపడకపోతే తిట్టుకునేది.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఒక అదృష్టం ఉంటుంది. వాళ్ల తప్పులు వాళ్లకు సరిగ్గా వినబడవు. శ్రీవాణికి ఆ అదృష్టం లేదు. ఆమె చెవి ఇరవై ఎనిమిదేళ్లది, చేతులు నిన్న పుట్టినవి. ఎంత తప్పిందో, ఎటు తప్పిందో, ఎప్పుడు తప్పిందో చెవికి తక్షణం తెలిసేది. తెలిసినా చేతులు ఏమీ చెయ్యలేకపోయేవి. ఒకరోజు రెండు గంటలు కుస్తీపట్టి ఒక చిన్న లాలిపాట కూడా చివరిదాకా వాయించలేక కడ్డీని విసిరికొట్టింది. అది గోడకు తగిలి సున్నం రాలింది. 

భూమేష్ కడ్డీ ఏరుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "బందు పెడ్తవా?"

"ఎందుకు బందు పెడ్త?" ఆమె గొంతు లేచింది. "నాకు రానిది ఉంటదా? రానీకి టైం పడ్తది. అంతే."

"నేనేమన్న! గోడకు గాకుండ పరుపు మీదికి కొట్టు," అని పనికి వెళ్లిపోయాడు.

ఇంకో చిక్కు చీరతో వచ్చింది. మోకాలు ఇటు అటు కదిలించాలంటే కుచ్చిళ్లు రేకులకు చుట్టుకునేవి. నాలుగు రోజులు అవస్థపడి, ఐదోరోజు భూమేష్ పైజామా వేసుకుని కూర్చుంది. టీపొడి కోసం వచ్చిన పక్కింటి భాగ్యలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గదేం కూసునుడు వాణీ! మోకాళ్లు ఎడంజేసుకోని మొగోని లెక్క?"

"మొగోని లెక్క కాదక్కా. బస్సు డ్రైవర్ లెక్క," అంది శ్రీవాణి పెడల్ వదలకుండా. "క్లచ్ తొక్కెటోడు కాళ్లు ముడుసుకోని కూసుంటడా? చాయపత్త డబ్బా గట్టు మీద ఉన్నది, తీస్కో."

ఆ మాట వీధి చివరదాకా పోయింది. పోనిమ్మంది ఆమె. సంక్రాంతి అయ్యేసరికి లాలిపాట పూర్తయింది. ఇంకో రెండు పాటలు తప్పుల్తోనే అయినా చివరిదాకా వెళ్లాయి. ఇక ఈరవ్వ దగ్గరికి వెళ్లొచ్చనుకుంది.

ఈరవ్వ ఇంటిముందు చెరుకు ఆకు చీపుర్లా చేసి ఊడుస్తోంది. శ్రీవాణిని గుర్తుపట్టినా చెయ్యి ఆపలేదు.

"మల్ల నవ్విపియ్యనీకి వచ్చినవా?"

"తప్పు ఒప్పుకోనీకి వచ్చిన అవ్వా. నువ్వు ఉన్నకాడ్నే ఉన్నవ్. నేనే పోయిన ఎటో."

ఈరవ్వ నడుం ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. "గది చెప్పనీకి గింత దూరం వచ్చినవా?"

"గది చెప్పనీకి, ఇంకోటి అడగనీకి. ఒక్క పూట నాతోటి బోధన్ రా. ఒక్క స్వరం పాడాలె. అంతే."

బల్లను మళ్లీ ట్రాలీ ఆటోలో బోధన్ తెచ్చారు. లింబయ్య షాపులో చెరుకురసం మిషన్ల మధ్య ఈరవ్వను స్టూలు మీద కూర్చోబెట్టారు. శ్రీవాణి సంగతి వివరించింది. ఎడమ మోకాలి రేకు కదిపితే గాంధారం తీగ వదులై కిందికి దిగుతుంది. దాన్ని తయారుచేసినవాళ్లు ఒక మెట్టు పూర్తిగా దిగేలా పెట్టారు. అంత దిగకూడదు. అవ్వ గొంతు ఎక్కడ ఆగుతుందో తీగ కూడా అక్కడే ఆగాలి.

"వాళ్లు పెట్టింది మారిస్తే ఖరాబు కాదా?" అన్నాడు లింబయ్య.

"వాళ్లు అవ్వ పాట ఇన్నరా?"

లింబయ్య బల్ల కింద దూరి, రేకు వెనక ఆపుడు స్క్రూకు పానా పెట్టాడు. "పాడు అవ్వా."

ఈరవ్వ పాడింది. 'దిగడే' దగ్గర ఊపిరి నిలిపి ఆగింది. శ్రీవాణి తీగ మీటి మోకాలు కదిపింది.

"ఇంక కింద," అంది ఈరవ్వ. లింబయ్య స్క్రూ తిప్పాడు. 

"గిప్పుడు మస్తు కింద. మీదికి రా... ఇంకింత... ఆగు, ఆగు."

దుకాణం ముందు రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ చప్పుడు చేసుకుంటూ పోయింది. అది పోయేదాకా ముగ్గురూ కదలకుండా ఉన్నారు. ఈరవ్వ మళ్లీ పాడింది. శ్రీవాణి మళ్లీ మీటింది. ఈసారి గొంతు ఎక్కడ ముగిసిందో తీగ ఎక్కడ మొదలైందో తెలియలేదు. కింద షడ్జమం, పైన పంచమం కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఈరవ్వ ఒక్కసారిగా పాట ఆపింది. "గిన్నేండ్ల సంది నా ఎంబడి ఎవ్వలు రాలే," అంది. "ఒక్కదాన్నే పోతుంటి."

బల్ల కింది నుంచి లింబయ్య అన్నాడు, "అవ్వా, ఇంకొక్కపారి పాడు. స్క్రూ బిగియ్యాలె."

మార్చిలో నిజామాబాద్ మార్కెట్ యార్డులో రైతుల మేళా జరిగింది. పసుపు కొమ్ములు కుప్పలు కుప్పలుగా వచ్చే రోజులు. గాలి పీలిస్తేనే గొంతులో ఘాటు తగిలేది. ధర్పల్లి, సిరికొండ నుంచి రైతులు, ధర్మాబాద్ వైపు నుంచి మరాఠీ మాట్లాడే వ్యాపారులు, బస్తాలు కుట్టే ఆడవాళ్లు, హమాలీలు అందరూ అక్కడే. మధ్యాహ్నం భోజనాల తరవాత ఆత్మారాం ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. శ్రీవాణి అతనికి ముందే చెప్పింది. అన్ని పాటలకూ కీబోర్డు వాయిస్తుంది, ఒక్క పాట మాత్రం ఈరవ్వది, దానికి స్టీల్ గిటార్.

"మల్ల గా ముసల్దా?" అన్నాడు. ఆమె కీబోర్డు లేకపోతే ప్రోగ్రామే లేదు కాబట్టి చివరికి ఒప్పుకున్నాడు. 

స్టేజీ దగ్గరికి వచ్చి చూస్తే స్టీల్ గిటార్ ముందు బల్ల పొడవునా ఎర్ర పరదా కట్టి ఉంది.

"గిదేంది అన్నా?"

"నీ మంచికే వాణమ్మా," అన్నాడు ఆత్మారాం గొంతు తగ్గించి. "గా పైజామ ఏసుకోని, మోకాళ్లు అటిటు ఊపుకుంట కూసుంటే మంది ఏమనుకుంటరు? మన పార్టీకి పేరున్నది. పైన చేతులు కనవడ్తయి, సాలు."

శ్రీవాణి వంగి ముడి విప్పింది. ముడి గట్టిగా ఉంటే పంటితో లాగింది. పరదా మడిచి అతని చేతిలో పెట్టింది.

"నా కాళ్లు కూడ వాయిస్తయి అన్నా. చేతులకు పరద కట్టలే గద, కాళ్లకెందుకు? సూడనియ్యి."

"నా మాట ఇన్వా?"

"ఇరవై ఎనిమిదేండ్లు ఇన్న."

నాలుగు సినిమా పాటల తరవాత ఈరవ్వ పేరు పిలిచారు. శ్రీవాణి కీబోర్డు వదిలి బల్ల ముందు కూర్చుంది. వేళ్లకు తొడుగులు పెట్టుకుంది. పంతొమ్మిదో ఏట మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు కూడా ఇంత భయపడలేదు. ఈరవ్వ మొదలుపెట్టింది. శ్రీవాణి కడ్డీని జరిపింది. చెమటకు కడ్డీ జారి గీత దాటింది, కంగారులో ఎడమకాలు తప్పు పెడల్ తొక్కింది. స్పీకర్లలోంచి కుక్క తోక తొక్కినట్టు ఒక అరుపు వచ్చింది.

జనం గొల్లుమన్నారు. ఆత్మారాం డ్రమ్స్ వాయించే అతనికి సైగచేశాడు, తరవాతి పాట ఎత్తుకోమని. అతను కర్రలు పైకెత్తాడు.

శ్రీవాణి ఈరవ్వ ముందున్న మైకును తన వైపు తిప్పుకుంది.

"ఆగుండ్రి," అంది. కర్రలు గాలిలోనే ఆగాయి. "తప్పు నాది. అవ్వది కాదు. దసరకు బోధన్ల గూడ తప్పు నాదే ఉండె, ఆమె మీద ఏసినం. గిది నేను నేర్చుకోని ఐదు నెలలే అయింది. మల్ల తప్పు పోతె మల్ల వాయిస్త. నవ్వెటోళ్లు నవ్వుండ్రి, గని పాట అయినంక నవ్వుండ్రి."

మైకు ఈరవ్వ వైపు తిప్పింది. అరచేతిని పైజామాకు తుడుచుకుంది. ఈరవ్వ ఆమె వైపు చూడను కూడా లేదు. మడిలో ముందు వరసలో ఉన్నప్పుడు వెనక్కి చూడదు. పాట ఎత్తుకుంది.

ఈసారి శ్రీవాణి తొందరపడలేదు. మొదటి చరణంలో మూడే మూడు చోట్ల మీటింది. మిగతా అంతా ఈరవ్వను పాడనిచ్చింది. 'దిగడే' వచ్చింది. మోకాలు కదిపింది. తీగ దిగి, ఆ చోట ఆగింది. గొంతూ తీగా ఒక్కటై యార్డు రేకుల కప్పు కింద నిలబడ్డాయి. రెండో చరణంలో ఒకచోట కడ్డీ ఆలస్యమైంది, శ్రీవాణికి తెలిసింది, ఆత్మారాంకు తెలిసింది. ఆమె ఆగలేదు. పసుపు కుప్పల పక్కన బస్తాలు కుడుతున్న ఆడవాళ్లు సూదులు ఆపారు. వాళ్లకు ఆ పాట తెలుసు. మూడో చరణానికి అక్కడినుంచే 'ఓ వదినా' అని అందుకున్నారు. ముందు పదిమంది, తరవాత ఇరవై ముప్పైమంది. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల్లో కొందరు లేచి చాయ తాగడానికి వెళ్లారు. ఆడవాళ్లు మాత్రం స్టేజీ దగ్గరికి జరిగారు. వాళ్లలో ఒకావిడ పాట మొత్తం ఈరవ్వను చూడలేదు. శ్రీవాణి మోకాళ్లనే చూసింది. అవి ఏంచేస్తే ఏం అవుతోందో కనిపెట్టాలన్నట్టు చూసింది.

సామాను సర్దేటప్పుడు ఆత్మారాం వచ్చాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"స్టేజీ మీద నా ఇజ్జత్ తీసినవ్. కీబోర్డు వాయిస్తనంటే రా. గీ బల్లతోటి రావద్దు, గా ముసలమ్మతోటి రావద్దు."

"వస్తే ముగ్గురం వస్తం," అంది శ్రీవాణి తీగలు తుడుస్తూ. "లేకుంటే నేను గూడ రాను."

ఆ పెళ్లిళ్ల సీజను ఆమెకు పని లేకుండానే గడిచింది. ఆత్మారాం హైదరాబాద్ నుంచి వేరే కీబోర్డు మనిషిని పిలిపించుకున్నాడు. ఇంటికి వచ్చి హార్మోనియం నేర్చుకునే పిల్లల సంఖ్య పెరిగింది, పొద్దున వాళ్లు, మిగతా పగలంతా స్టీల్. భూమేష్ తనకోసం కొత్త పైజామాలు కొనుక్కున్నాడు. ఏప్రిల్‌లో సిరికొండ నుంచి కూలీ సంఘం ఆడవాళ్లు వచ్చి తమ మీటింగుకు రమ్మన్నారు. ట్రాలీ ఆటోలో బల్ల, బల్ల పక్కన ఈరవ్వ, ముందు డ్రైవర్ పక్కన శ్రీవాణి. ఆరు పాటలు అనుకుని వెళ్లారు. రెండు బాగా కుదిరాయి, రెండు పరవాలేదనిపించాయి, రెండింటిలో శ్రీవాణి ఘోరంగా తప్పింది. తప్పిన రెండూ మళ్లీ వాయించింది. 

వస్తూ దారిలో ఈరవ్వ తప్పులన్నీ వేళ్ల మీద ఏకరువు పెట్టింది. "నేను ఊపిరి తీస్కుంటుంటే నువ్వు మీటుతున్నవ్. ఊపిరి తీస్కునే జాగల మీటొద్దు. సప్పుడు చెయ్యక ఉండుడు గూడ నేర్వాలె బిడ్డ." 

ఇంతమంది గురువుల దగ్గర నేర్చుకుంది గాని ఈ మాట ఎవరూ చెప్పలేదు. శ్రీవాణి అప్పటికప్పుడు ఫోనులో రాసుకుంది.

మే చివర ఆత్మారాం ఫోను చేశాడు. కందకుర్తి దగ్గర ఒక పెళ్లి. పిల్ల తల్లి మార్కెట్ యార్డులో పాట విన్నదట, ఆ ఇద్దరూ లేకపోతే వేరే పార్టీని మాట్లాడుకుంటానన్నదట. అంతా చెప్పి, గొంతు సవరించుకుని, "ఒక్క పాట పెట్టుకుందాం వాణమ్మా," అన్నాడు. "మిగిలిన టైమంత కీబోర్డు."

"నాలుగు. పరద లేకుండ."

"రెండు జేస్కో."

"నాలుగు అన్నా. అవ్వ పాడుతుంటే మైకుల ఎవ్వలు మాట్లాడొద్దు."

"సరే తియ్," అన్నాడు ఆత్మారాం.

శ్రీవాణి వెంటనే ఈరవ్వకు ఫోను చేసి సంగతి చెప్పింది. ఈరవ్వ ఎక్కడో పొలంలో ఉన్నట్టుంది, గాలి చప్పుడు వినిపిస్తోంది.

"పెండ్లిల మన పాటలు ఇంటరా బిడ్డ?"

"ఇష్టం లేనోళ్లు బువ్వ తినపోతరు అవ్వా. మనం పాడుదం," అంది శ్రీవాణి. ఫోను పెట్టేసి, పైజామా మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, సిరికొండలో తప్పిన పాట మొదటినుంచి ఎత్తుకుంది.